రికవరీ బండి ఇన్సూరెన్స్: బెడ్డు మీదున్న కారుకు పూచీ ఎవరిది?

సూర్యాపేటలో ఉంటూ హైదరాబాద్–విజయవాడ హైవే మీద, అటు చౌటుప్పల్ నుంచి ఇటు కోదాడ దాకా రికవరీ బండి, అంటే దారిలో చెడిపోయిన కార్లను ఎక్కించుకునో లాగో గ్యారేజీకి చేర్చే బండి తిప్పుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న కుర్రాళ్ళు ఫోన్ చేసి అడిగే మొదటి మాట, "అన్నా, ఇన్సూరెన్స్ ఎంతయితది?" ఒక అంకె చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ఆ అంకె ఆర్సీలో బండిని ఏమని రాయించారన్న దాన్నిబట్టి మారుతుంది. పైగా ఆ డబ్బంతా కట్టాక కూడా, మనం మోసుకెళ్ళే కారుకు దెబ్బ తగిలితే ఆ పాలసీ పైసా ఇవ్వదు. ఈ రెండో సంగతి షోరూంలోనూ చెప్పరు, బ్యాంకులోనూ చెప్పరు. అందుకని నేను ఏ వరసలో ఏం కట్టానో, ఎందుకు కట్టానో రాస్తున్నాను.

2023 చివర్లో మా బావ, నేను కలిసి ఐషర్ చాసిస్ బుక్ చేశాం. బండి మొత్తం బరువు ఏడున్నర టన్నులు దాటకూడదని ముందే అనుకున్నాం. ఒకటి, సరుకు బండ్ల థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి కట్టేది, బరువునుబట్టి ఉంటుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం ఏడున్నర టన్నుల దాకా 16,049 రూపాయలు, ఆ గీత దాటి పన్నెండు టన్నుల దాకా 27,186 రూపాయలు. రెండోది డ్రైవరు సంగతి. కారు లైసెన్సు ఉన్నవాడు ఏడున్నర టన్నుల లోపు రవాణా బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. మేం బండి కొనేనాటికి అది మళ్ళీ పెద్ద ధర్మాసనం ముందు నలుగుతోంది. 2024 నవంబరులో నడపొచ్చనే తేల్చారు. మా డ్రైవరుకి హెవీ లైసెన్సు లేదు కాబట్టి అప్పటిదాకా నాకు కొంచెం టెన్షన్‌గానే ఉండేది. లైసెన్సు చెల్లదంటే కంపెనీ క్లెయిమ్ దగ్గర అడ్డం తిరగడానికి అంతకంటే మంచి సాకు దొరకదు.

షోరూం వాళ్ళు చాసిస్ బిల్లుతో పాటే ఇన్సూరెన్స్ కొటేషన్ కూడా పెట్టారు. అందులో బండిని గూడ్స్ క్యారేజీ, అంటే సరుకు మోసే బండి అని చూపించారు. అక్కడే ఆపాను. మోటారు ఇన్సూరెన్స్ టారిఫ్‌లో బ్రేక్‌డౌన్ బండ్లకి విడిగా చోటుంది. మిసలేనియస్ అండ్ స్పెషల్ టైప్ వాహనాలు అని ఒక తరగతి, క్లాస్ డి అంటారు. క్రేన్లు, అంబులెన్సులు, ఇలాంటి బండ్లన్నీ అందులోకి వస్తాయి. ఆ తరగతిలో థర్డ్ పార్టీ 7,267 రూపాయలే. బండి అదే, రోడ్డూ అదే, సగానికి సగం తేడా. బాడీ బిల్డర్ ఇచ్చిన డ్రాయింగ్, కొటేషన్ చూపించి క్లాస్ డి కింద లెక్క తీయమన్నాను. షోరూం అబ్బాయి "సిస్టమ్‌లో అట్ల రాదు సార్" అన్నాడు. సూర్యాపేటలో మాకు తెలిసిన ఏజెంటు దగ్గర సిస్టమ్‌లో వచ్చింది.

అయితే చౌక తరగతికి తనదైన ముడి ఉంది. రవాణా వాహనాల జాబితాలో టో ట్రక్కు, బ్రేక్‌డౌన్ వ్యాన్, రికవరీ వెహికల్ ఉన్నాయి కాబట్టి పసుపు ప్లేటు, ఫిట్‌నెస్ తప్పవు. పర్మిట్ మాత్రం అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 66లో, చెడిపోయిన బండిని లాగే వాహనానికి పర్మిట్ నుంచి మినహాయింపు ఉంది. అక్కడున్న మాట 'చెడిపోయిన బండి'. షోరూం నుంచి షోరూంకి కొత్త కార్లు తోలడం, ఆన్‌లైన్‌లో కొన్న పాత కారును విజయవాడ నుంచి హైదరాబాద్ చేర్చడం ఈ కిందికి రావు. అవి సరుకు రవాణా. అందుకు పర్మిట్ కావాలి, గూడ్స్ క్యారేజీ పాలసీ కావాలి. నిజానికి నెలనెలా నిలకడగా వచ్చే డబ్బు ఆ పనుల్లోనే ఉంది. మా బావ గూడ్స్ అనే రాయిద్దామన్నాడు. ఏటా పదిహేను వేలు మిగులుతాయని నేను రికవరీ వైపు మొగ్గాను. ఇప్పటికీ కొత్త కార్ల బేరం వస్తే పక్కవాడి నంబరు ఇచ్చి ఊరుకుంటాం. ఇద్దరిలో ఎవరి లెక్క సరైందో మా ఇంట్లో ఇంకా తేలలేదు. కానీ రికవరీ అని రాయించుకుని కొత్త కార్లు తోలేవాళ్ళు హైవే మీద చాలామంది ఉన్నారు. వాళ్ళు కట్టే ప్రీమియం ఏ రోజు దేనికీ పనికిరాకుండా పోతుందో వాళ్ళకే తెలియదు.

బాడీ విజయవాడ ఆటోనగర్‌లో కట్టించాం. కారును ఎక్కించుకునే హైడ్రాలిక్ బెడ్డు, రోప్‌తో కారును పైకి లాగే విన్చి, వెనక చక్రాల కింద పట్టి ఎత్తి లాగే అండర్‌లిఫ్టు. చాసిస్‌కి పాలసీ తీసుకునేటప్పుడు ఐడీవీ, అంటే బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే విలువ, ఉత్త చాసిస్‌కే వేస్తారు. మీద కట్టిన ఐదున్నర లక్షల బెడ్డు ఆ లెక్కలో ఉండదు. బాడీ బిల్డర్ బిల్లు, బాడీ రూల్స్ ప్రకారం కట్టామని వాళ్ళిచ్చే ఫారం 22ఏ పట్టుకెళ్ళి ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో మార్పు చేయిస్తేనే అది పాలసీలోకి ఎక్కుతుంది. బ్యాంకు వాళ్ళు తమ పేరు పాలసీలో ఉందా లేదా అని మూడుసార్లు ఫోన్ చేశారు, బెడ్డు చేర్చారా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

లెక్కకి వస్తే, చాసిస్, బాడీ కలిపి ఇరవై లక్షలు, కొత్త బండికి ఐదు శాతం తీసేస్తారు కాబట్టి ఐడీవీ 19 లక్షలు. ఓన్ డ్యామేజి, అంటే మన బండికే జరిగే నష్టానికి కట్టే ప్రీమియం మీద ప్రభుత్వ అదుపు 2007లోనే పోయింది, అందుకే ఒక్కో కంపెనీ ఒక్కో డిస్కౌంటు చెబుతుంది. బేరం ఆడాల్సింది అక్కడే. థర్డ్ పార్టీ దగ్గర బేరం లేదు, ఎక్కడ కట్టినా అంతే. కమర్షియల్ బండ్లకు హైదరాబాద్ జోన్ బి, సూర్యాపేట జోన్ సి. ఆ తేడా చిన్నదే, దానికోసం అడ్రసు మార్చాల్సినంత లేదు. ఐఎంటీ 23 అని ఒకటుంటుంది, ఓన్ డ్యామేజి మీద పదిహేను శాతం అదనం. అది లేకపోతే కమర్షియల్ బండికి లైట్లు, బంపర్లు, మడ్‌గార్డులు, టైర్లు, పెయింటు మామూలు డ్యామేజిలో రావు. రాత్రిపూట రోడ్డు పక్కన నిలబడే బండికి ముందు పోయేవి అవే, అందుకే అది వేయించాను. డ్రైవరుకి, హెల్పర్‌కి ఏమైనా అయితే ఓనర్ మీద పడే బాధ్యతకి మనిషికి యాభై రూపాయల చొప్పున లీగల్ లయబిలిటీ. ఓనర్‌గా నాకు పదిహేను లక్షల ప్రమాద బీమా. జీఎస్టీతో అన్నీ కలిపి 27 వేలు దాటింది. ఇదే బండికి గూడ్స్ కింద ఇచ్చిన కొటేషన్ 43 వేల దగ్గర ఉంది.

ఇక్కడిదాకా ఎవరైనా చేసేదే. అసలు కథ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కంపెనీతో ఒప్పందం దగ్గర మొదలైంది. కారు కంపెనీలు, ఇన్సూరెన్స్ కంపెనీలు తమ కస్టమర్లకి టోయింగ్ ఇస్తామని చెప్పి ఆ పనిని వీళ్ళకి అప్పజెబుతాయి. వీళ్ళు మాలాంటి వాళ్ళకి యాప్‌లో కేసు పంపిస్తారు. ఆర్సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, డ్రైవరు లైసెన్సు, పోలీసు వెరిఫికేషన్, పాన్ కార్డు, క్యాన్సిల్ చేసిన చెక్కు అడిగారు. తర్వాత సంతకం పెట్టమని ఒప్పందం పంపారు. అందులో ఒక పేరా చదివి ఆగాను. కస్టమర్ బండి మా చేతికి వచ్చిన దగ్గర్నుంచి గ్యారేజీలో దించేదాకా ఏ నష్టం జరిగినా పూర్తి బాధ్యత వెండర్‌దే, ఆ మొత్తాన్ని బిల్లులోంచి కోసుకునే హక్కు తమకుంది అని రాసుంది. వెండర్ అంటే నేను.

ఏజెంటుకి ఫోన్ చేసి "మన పాలసీలో ఇది వస్తదా?" అంటే "ఫుల్ ఇన్సూరెన్సే కదన్నా, వస్తది" అన్నాడు. పాలసీ పుస్తకం మొత్తం పంపమన్నాను. సాధారణంగా మనకి వచ్చేది రెండు పేజీల షెడ్యూలే. అసలు షరతులు వేరే ఉంటాయి, అడిగితేగాని ఇవ్వరు.

కమర్షియల్ వెహికల్ ప్యాకేజ్ పాలసీలో సెక్షన్ 3 అంతా చెడిపోయిన బండిని లాగడం గురించే. మా పని గురించే ఒక సెక్షన్ పెట్టారని మొదట సంతోషించాను. ఏదైనా ఒక చెడిపోయిన బండిని మన బండి లాగుతున్నప్పుడు కూడా పాలసీ అమల్లో ఉంటుంది అని మొదలవుతుంది. కింద రెండు షరతులున్నాయి. ఒకటి, ఆ లాగడం ప్రతిఫలం తీసుకుని చేసేది కాకూడదు. రెండు, అలా లాగే బండికి గానీ, అందులో ఉన్న సామానుకి గానీ జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత వహించదు. అంటే దారిలో ఆగిపోయిన సాటి లారీవాడిని మానవత్వంతో తాడు కట్టి లాగే డ్రైవరు కోసం రాసిన సెక్షన్ అది. అండర్‌లిఫ్టు మీద డబ్బు తీసుకుని లాగే నాకోసం కాదు.

సరే, ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కిస్తే లాగడం కాదుగా, మోయడం అవుతుంది అనుకుని సెక్షన్ 2 చూశాను. అది థర్డ్ పార్టీ బాధ్యత. ఎదుటివాడి ప్రాణానికి పరిమితి లేదు, ఆస్తికి ఏడున్నర లక్షల దాకా. కానీ ఇన్సూరెన్స్ తీసుకున్నవాడి అధీనంలో ఉన్న ఆస్తికీ, ఆ బండి మోస్తున్న ఆస్తికీ జరిగే నష్టం అందులోంచి తీసేశారు. ఆ తలుపూ మూసే ఉంది. నా బండి వెళ్ళి డివైడర్ గుద్దితే బండికి డబ్బులొస్తాయి, డివైడర్‌కి వస్తాయి, అవతలి బైకు మనిషికి వస్తాయి. బెడ్డు మీదున్న పన్నెండు లక్షల కారుకు మాత్రం ఏమీ రాదు. ఈ పేజీ ఫొటో తీసి ఏజెంటుకి పంపాను. కాసేపటికి ఫోన్ చేశాడు. "ఇరవై ఏండ్ల సంది ఇవే పాలసీలు అమ్ముతున్న అన్నా, ఈ పేజీ దాకా ఎవ్వరూ పోలే" అన్నాడు. పాపం, మనిషి మంచివాడు.

ఇంకొక దారి ఉంది. కస్టమర్ కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే, రోడ్డు, రైలు లాంటి మార్గాల్లో కారును తరలిస్తున్నప్పుడు జరిగే నష్టం కూడా ఆ పాలసీలోకి వస్తుంది. చాలామంది రికవరీ వాళ్ళు దీన్ని నమ్ముకునే ఏళ్ళ తరబడి నెట్టుకొస్తున్నారు. "మీ ఇన్సూరెన్స్‌లో పెట్టుకోండి సార్" అని కస్టమర్‌ని బతిమాలుకుంటారు. కానీ కారుకు థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే అంతటితో సరి. ఫుల్ ఉన్నా అతని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు పోతుంది, అతనెందుకు ఒప్పుకోవాలి? ఒప్పుకున్నా, అతని కంపెనీ డబ్బులిచ్చేశాక ఆ సొమ్ము కోసం నా మీదికి రావచ్చు. అలా వచ్చే హక్కు వాళ్ళకుంది.

డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకుతో ఈ మాట చెబితే నవ్వాడు. టెక్సాస్‌లో పోలీసులు పిలిస్తే యాక్సిడెంట్ బండ్లు తీసేవాళ్ళకీ, ప్రైవేటు పార్కింగుల్లోంచి బండ్లు లాగేవాళ్ళకీ, మోసుకెళ్ళే కారు మీద కూడా ఇన్సూరెన్స్ చూపిస్తేనే రాష్ట్ర ప్రభుత్వం పర్మిట్ ఇస్తుందట. ఆన్-హుక్ కవర్ అంటారని చెప్పాడు. మన దగ్గర ఆ పేరుతో అడిగితే కౌంటర్‌లో ఎవరికీ అర్థం కాలేదు.

మనకి దానికి దగ్గరగా ఉండేది క్యారియర్స్ లీగల్ లయబిలిటీ పాలసీ. ఇది ట్రాన్స్‌పోర్టు కంపెనీల కోసం చేసింది, మోటారు విభాగంలో కాకుండా వేరే విభాగంలో ఇస్తారు. అందుకే మోటారు పాలసీలు అమ్మేవాళ్ళకి దీని ఊసు తెలియదు. హైదరాబాద్‌లో ఒక బ్రోకర్‌ని పట్టుకున్నాను. వాళ్ళడిగినవి: ఏడాదికి కిరాయి రాబడి ఎంత, ఒకసారికి మోసుకెళ్ళే కారు విలువ గరిష్ఠంగా ఎంత, ఏయే రూట్లు, డ్రైవర్లెవరు, ఇంతకుముందు నష్టాలేమైనా ఉన్నాయా. ప్రీమియం కిరాయి రాబడి మీద, ఒక ప్రమాదానికి ఎంత, ఏడాదికి మొత్తం ఎంత అనే లిమిట్ల మీద ఉంటుంది. నేను ప్రమాదానికి 15 లక్షలు, ఏడాదికి 30 లక్షలు పెట్టుకున్నాను.

మొదట పంపిన వర్డింగ్‌లో, అంటే పాలసీ షరతుల్లో, కవర్ అయ్యేది అగ్నిప్రమాదం వల్లో, సరుకు మోస్తున్న మన బండికి యాక్సిడెంట్ వల్లో ఆ సరుకుకి జరిగే నష్టం మాత్రమే. లారీలో సిమెంటు బస్తాలు మోసేవాడికి అది చాలు. రికవరీ పనిలో దెబ్బ తగిలేది ఎక్కువగా దారిలో కాదు, ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ. విన్చి రోప్ జారుతుంది, కింది స్పాయిలర్ బెడ్డు అంచుకు రాసుకుంటుంది, ఆటోమేటిక్ గేరు కారును న్యూట్రల్‌లో పెట్టలేక చక్రాలు ఈడ్చుకొస్తాయి. లోడింగ్, అన్‌లోడింగ్ కూడా చేర్చమని అడిగాను. దానికి వేరే ఎక్స్‌టెన్షన్ (అదనపు కవర్), వేరే డబ్బు, పైగా ప్రతి క్లెయిమ్‌లో మొదటి పదివేలు నేనే పెట్టుకోవాలన్న షరతు. పన్నుతో 21 వేల చిల్లర పడింది. మా బావ ముఖం చూడాల్సింది. బండికి కట్టినదాంట్లో ముప్పావు వంతుకు పైగా, బండి మీద ఎక్కే ఎవరి కారుకో కడుతున్నాం మరి.

హెల్పర్ సంగతి కూడా వేరుగా చూసుకోవాల్సి వచ్చింది. పాలసీలో యాభై రూపాయలు కట్టాం కదా అనుకోవచ్చు. కానీ హెల్పర్ పని బండిలో కూర్చునేది కాదు, మునగాల దగ్గర అర్ధరాత్రి రోడ్డు మీద పడుకుని హుక్కు తగిలించేది. తెగిన రోప్ కొట్టినా, జాకీ జారినా అది రోడ్డు యాక్సిడెంటా, పనిలో ప్రమాదమా అని తగువు పెడతారు. ఇద్దరికీ ఉద్యోగుల పరిహార పాలసీ తీసుకున్నాను, జీతాల మీద లెక్కకట్టి ఐదు వేల లోపు అయింది. ఏం జరిగినా ఓనర్‌కి సంబంధం లేదని రాసిన కాగితం మీద తల్లిదండ్రుల సంతకాలు పెట్టించుకుని కుర్రాళ్ళని పనిలో పెట్టుకునేవాళ్ళని చూశాను. ఆ కాగితం ఎందుకూ కొరగాదు.

మొత్తం మీద మొదటి ఏడాది 53 వేల దాకా తేలింది. నెలకు నాలుగున్నర వేలు. కిలోమీటర్ రేటు చెప్పేటప్పుడు డీజిల్, టోల్, కిస్తీతో పాటు దీన్నీ వేసుకుంటాను. పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర నాకంటే తక్కువకి పోయేవాళ్ళున్నారు. పోనీ.

ఈ పాలసీ పనికొచ్చింది నకిరేకల్ దగ్గర వానలో. కారు సగం బెడ్డు ఎక్కింది, ముందు చక్రాలు పైన, వెనక చక్రాలు ఇంకా రోడ్డు మీద. కారు బంపర్‌లో మర బిగించే టోయింగ్ హుక్కు ఉంటుంది కదా, దాని మర తుప్పుపట్టి ఉందేమో, ఊడొచ్చింది. కారు వెనక్కి జారి డివైడర్‌ని తాకింది. వెనక బంపర్, డిక్కీ డోరు, ఒక లైటు పోయాయి. ఎస్టిమేట్ 64 వేలు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాళ్ళు ఒప్పందం ప్రకారం నా బిల్లు ఆపేశారు.

నష్టం లెక్కకట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయర్ మొదట అడిగింది, కారు బెడ్డు మీద ఉందా, రోడ్డు మీద ఉందా అని. సగం సగం అన్నాను. లోడింగ్ ఎక్స్‌టెన్షన్ లేకపోతే ఆ ఒక్క ప్రశ్నతోనే ఫైలు మూసేసేవాడు. రెండోది, కారుకు అంతకుముందే దెబ్బలున్నాయా అని. ఎక్కించే ముందు కారు చుట్టూ వీడియో తీసి, ఉన్న గీతలు స్లిప్ మీద రాసి ఓనర్ సంతకం తీసుకోవడం మా అలవాటు. ఆ వీడియోలో హుక్కు బిగించడం, అది పూర్తిగా లోపలికి వెళ్ళడం కూడా కనిపించింది. ఊడిన హుక్కుని కవర్లో పెట్టి ఇచ్చాను. పాత బంపర్‌కి కొత్త బంపర్ ధర ఇవ్వలేమని కొంత కోశారు, నా వాటా పదివేలు తీశారు, చివరికి చేతికి వచ్చింది 43 వేలు. తేడా నేను పెట్టుకున్నాను. కస్టమర్ తన పాలసీ ముట్టుకోలేదు. తర్వాత తన ఆఫీసు వాళ్ళ కారు చెడిపోతే నేరుగా మాకే ఫోన్ చేశాడు.

రెన్యువల్‌లో ఒక చిత్రం జరిగింది. క్లెయిమ్ క్యారియర్ పాలసీ మీద పడింది కాబట్టి మోటారు పాలసీలో 20 శాతం నో క్లెయిమ్ బోనస్ వచ్చింది, ఐడీవీ కూడా తగ్గి ప్రీమియం దిగింది. క్యారియర్ పాలసీలో మాత్రం నా వాటాని పదిహేను వేలకు పెంచారు. అంటే గీతలు, చిన్న సొట్టలు ఇక పూర్తిగా నావే, పెద్ద దెబ్బకే ఆ పాలసీ. లిమిట్ పెంచలేదు కాబట్టి పదిహేను లక్షలు దాటే కార్ల కేసు వస్తే, కస్టమర్ పాలసీ కాపీ చూశాకే బెడ్డు దించుతాం. ఎలక్ట్రిక్ కార్లకీ అదే పద్ధతి.

మా బావ ఇప్పుడు క్రేన్ కొందామంటున్నాడు, లోయలో పడ్డ లారీలకి డబ్బు బాగుందట. క్రేన్‌కి లెక్క మళ్ళీ వేరు. ఎత్తుతున్నప్పుడు అది బోల్తా పడితే మామూలు పాలసీ ఇవ్వదు, ఓవర్‌టర్నింగ్ అని అదనంగా కట్టాలి. ఎత్తే లారీ విలువ, దాంట్లో సరుకు విలువ రెండూ క్యారియర్ పాలసీ లిమిట్‌లోకి రావాలి. బ్రోకర్‌ని రెండింటికీ కొటేషన్ అడిగాను. అది వచ్చాకే క్రేన్ షోరూంకి వెళ్దామని చెప్పాను.